తిండి మానేస్తే ముందు వేడి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను కాజీపేట డీజిల్ లోకో షెడ్‌లో 33 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నాలుగేళ్ళుగా నేనూ మా ఆవిడా సిడ్నీలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. రోజూ పొద్దున కాఫీతో పాటు మీ పేపర్ ఫోన్‌లో చదవడం అలవాటు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. పోయిన నెల హైదరాబాద్‌లో మా అన్నయ్య మనవడు పెంచుకుంటున్న బియర్డెడ్ డ్రాగన్ అనే తొండలాంటి జంతువు చనిపోయింది. ఏడు నెలల పిల్ల. దాన్ని బతికించుకోగలిగేవాళ్ళం. ఆ బాధ లోపల దాచుకోలేక ఇది రాస్తున్నాను.

చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ జంతువు తినడం మానేస్తే మనకి వెంటనే తోచేది తిండి మార్చడం. ఇంకో పురుగు, ఇంకో ఆకు, ఆఖరికి నోరు తెరిచి పోయడం. కానీ చాలాసార్లు తప్పు గిన్నెలో ఉండదు, పైన వేలాడే లైట్లలో ఉంటుంది. ఈ సంగతి నాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది. సిడ్నీలో మా ఇంట్లో కూడా ఒకటుంది, వాడు బతికాడు కాబట్టి సరిపోయింది. హైదరాబాద్‌లో ఉన్నదానికి అంత టైం దొరకలేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. బియర్డెడ్ డ్రాగన్ మన తొండకి చుట్టం, రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలలు. పెద్దదయ్యాక తోకతో కలిపి 45 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది. దవడ కింద ముళ్ళలాంటి పొలుసులుంటాయి. భయమేసినా కోపమొచ్చినా అక్కడ ఉబ్బి నల్లబడుతుంది, అచ్చం గడ్డం పెంచినట్టే. సరిగ్గా చూసుకుంటే పదేళ్ళు బతుకుతుంది. ఇక్కడ న్యూ సౌత్ వేల్స్‌లో దీన్ని పెంచాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, అడవిలో పట్టి తెచ్చుకోవడం నేరం. వ్యాపారం కోసం వీటిని ప్రాణాలతో దేశం దాటించడానికి ఆస్ట్రేలియా ఒప్పుకోదు. మిగతా దేశాల్లో ఇళ్ళల్లో కనిపించేవి తరాలుగా పెంపకంలో పుట్టి పెరిగినవి.

మా ఊళ్ళో చిన్నప్పుడు తొండ కనిపిస్తే చాలు, రాయి పడేది. రక్తం పీల్చేస్తుందని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు, మేం నమ్మేవాళ్ళం. గడ్డిపోచకి ఉచ్చు వేసి పట్టేవాళ్ళం. నేనూ ఆ పని చేశాను. ఇప్పుడు ఈ వయసులో అదే కుటుంబంలోది నా భుజం ఎక్కి కూర్చుంటే, దాని గోళ్ళు చొక్కాలోంచి మెల్లగా గుచ్చుకుంటుంటే, ఆ రాళ్ళు గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది.

మా మనవడికి 9 ఏళ్ళు. వాడు దానికి పెట్టుకున్న పేరు రాకీ. మా ఆవిడ మొదటిరోజు నుంచీ బుజ్జోడు అంది, ఇప్పుడు ఇంట్లో అందరం అదే అంటున్నాం. పొద్దున వాడుండే అద్దాల తొట్టెలో లైట్లు వెయ్యగానే బుజ్జోడు బొగ్గురంగులో బయటికొస్తాడు. వాడికోసం పెట్టిన దుంగ ఎక్కి, ఒళ్ళంతా రొట్టెలా పరిచి, వీపు లైటుకి అప్పగిస్తాడు. వేడి ఎక్కేకొద్దీ నలుపు విరిగి గోధుమరంగు, అందులోంచి పసుపు తేలుతాయి. అరగంటయ్యాక తల ఎత్తి గిన్నె వైపు చూస్తాడు. ఈ తతంగమంతా పక్కనే కుర్చీ వేసుకుని చూడటం నాకు రోజూ ఒక పని.

పోయిన ఏడాది మే నెల చివర్లో ఆ తల ఎత్తడం ఆగిపోయింది. ఇక్కడ జూన్, జూలై, ఆగస్టు చలికాలం, మనకి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ముందు ఆకులు మానేశాడు. నాలుగు రోజులకి పురుగులు కూడా. ముక్కు ముందు నుంచి బొద్దింక పిల్ల నడిచి వెళ్ళినా కన్ను దాని వెంట కదల్లేదు. పొద్దంతా మూలన బెరడు కింద దూరి ఉండేవాడు. పదింటికైనా ఆ బొగ్గురంగు విడిచేది కాదు. మా మనవడు స్కూల్ నుంచి రాగానే బ్యాగు కూడా తియ్యకుండా అద్దం ముందు కూలబడి, "తాతా, వాడు నన్ను చూడట్లేదు" అన్నాడు. ఆ రాత్రి వాడూ అన్నం సరిగ్గా తినలేదు.

అడిగినవాళ్ళందరూ ఒకటే చెప్పారు, చలికాలం కదా, నిద్రపోతాడు, వదిలెయ్యండి అని. దానికి బ్రూమేషన్ అని పేరుంది. నిజంగా ఉన్నదే. ఏడాది దాటిన ఆరోగ్యమైన జంతువు చలికాలంలో కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు, మత్తుగా పడి ఉంటుంది. తిండి తగ్గిస్తుంది, లేదా పూర్తిగా మానేస్తుంది. కానీ ఆ మత్తులో బరువు పెద్దగా తగ్గదు. మధ్యలో లేపితే కళ్ళు తెరిచి చూస్తుంది, ఒంట్లో బిగువు ఉంటుంది. నేను వంటింటి త్రాసు మీద ప్లాస్టిక్ డబ్బా పెట్టి తూచడం మొదలుపెట్టాను. షెడ్‌లో లాగ్ బుక్ రాసిన చెయ్యి, రాయకుండా ఉండలేదు. తినడం మానకముందు 412 గ్రాములు. వారానికి 396. రెండో వారానికి 381. మూడో వారానికి 364. అంటే పదోవంతు కన్నా ఎక్కువే పోయింది. తోక మొదట్లో రెండువైపులా ఎముక తేలింది, కళ్ళు కొంచెం లోపలికి పోయాయి. ఇది నిద్ర కాదని అప్పుడు నాకు గట్టిగా అనిపించింది.

ఈలోపు మేం ఒక తప్పు చేశాం. మా అమ్మాయి పట్టుకుంటే మా ఆవిడ ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు సిరంజిలో ఎక్కించి నోట్లో పోసింది. రెండుసార్లు. ప్రేమతోనే చేసింది, బిడ్డకి ఉగ్గు పెట్టినట్టే చేసింది. రెండో రోజు అదంతా కక్కేశాడు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పులిసిన వాసన కాదు, కుళ్ళిన వాసన.

పాముల్నీ బల్లుల్నీ ప్రత్యేకంగా చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ ఏం తింటున్నాడని ముందు అడగలేదు. "ట్యూబ్‌లైట్ ఎప్పుడు మార్చారు? కూర్చునే చోట ఎంత వేడి ఉంది?" అని అడిగింది. ట్యూబ్ బిల్లు మా అమ్మాయి ఫోన్‌లో వెతికితే 14 నెలల కిందటిది. వేడి 38 డిగ్రీలని నేను ధీమాగా చెప్పాను, గేజ్ రోజూ చూస్తున్నాను కదా. ఎక్కడ పెట్టారంది. లోపల గోడకి, లైటుకి దగ్గర్లో అన్నాను. "అది గోడ వేడి. వాడు పడుకునేది గోడ మీద కాదుగా" అంది.

ఇంటికొచ్చి మా అల్లుడి దగ్గరున్న టెంపరేచర్ గన్ తీసి, వాడు కూర్చునే రాయి మీద కొట్టాను. 29 డిగ్రీలు. ఇంకోసారి కొట్టాను. 29. అక్కడ ఉండాల్సింది 40 నుంచి 42.

కారణం వెతికితే చాలా చిన్నది. ఏప్రిల్‌లో తొట్టె కడిగినప్పుడు దుంగ చీలిందని తీసేసి, దాని చోట పలచటి రాయి పెట్టాం. రాయి దుంగంత ఎత్తు లేదు. బల్బుకీ వాడి వీపుకీ మధ్య ఇంకో జానెడు దూరం పెరిగింది. ఆపైన చలి వచ్చి గదే 15 డిగ్రీలకి దిగింది. లైటు వెలుగుతోంది, గేజ్ 38 చూపిస్తోంది, లోపల ప్రాణికి మాత్రం వేడి లేదు. యాక్సిల్ బాక్సులు వేడెక్కాయేమోనని ఒక్కొక్కటీ దగ్గరికెళ్ళి చూసిన రైల్వేవాణ్ణి నేను. ఇంట్లో మాత్రం గేజ్ ఏది చూపిస్తే అది నమ్మాను. మా మనవడి ముఖం చూసి నాకు చాలా బాధేసింది.

ఆ డాక్టరమ్మ చెప్పింది నాకు షెడ్ భాషలో బాగా ఎక్కింది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి వెంటనే లోడ్ పెట్టం. నీళ్ళ వేడీ ఆయిల్ వేడీ పైకి లేచేదాకా ఆగుతాం. ఈ జంతువూ అంతే. మన కడుపులో అన్నం అరగడానికి ఒంట్లో వేడి ఎప్పుడూ ఉంటుంది. దానికి ఆ వేడి బయటి నుంచి రావాలి. రాకపోతే ఆకలి పుట్టదు. ఆకలి లేనప్పుడు మనం బలవంతంగా పోస్తే ఆ తిండి కడుపులో కదలక అక్కడే కుళ్ళుతుంది. మా వాడు కక్కింది అదే. తినకపోవడం దాని మొండితనం కాదు, అది తనని తాను కాపాడుకునే పద్ధతి. సాయంత్రం లైట్లు ఆర్పడానికి రెండు గంటల ముందు నుంచే తిండి పెట్టకూడదని చెప్పింది కూడా ఇందుకే.

ట్యూబ్ సంగతి వేరు, అది ఇంకా మోసం చేస్తుంది. అది ఇచ్చే వెలుగులో మన కంటికి కనిపించని యూవీబీ అనే కిరణాలుంటాయి. ఎండలో ఉండేవే. అవి చర్మానికి తగిలితేనే ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది. డి3 ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. లేకపోతే శరీరం ఎముకల్లోంచి తీసుకుంటుంది. దవడ మెత్తబడుతుంది, వేళ్ళు అదురుతాయి, కాళ్ళు వంకరపోతాయి. కండరాలు బలహీనపడి పేగులు కూడా సరిగ్గా కదలవు. ట్యూబ్ పాతబడేకొద్దీ ఈ కిరణాలు తగ్గిపోతాయి కానీ తెల్లటి వెలుగు అలాగే ఉంటుంది. చూసేవాళ్ళకి బాగానే వెలుగుతోంది కదా అనిపిస్తుంది. రకాన్ని బట్టి ఆరు నెలలకో ఏడాదికో మార్చెయ్యాలి. ఇప్పుడు మా ఇంట్లో ట్యూబ్ చివర తెల్ల టేపు అంటించి పెట్టిన తేదీ రాస్తున్నాం, గ్యాస్ బండ మార్చిన తేదీ క్యాలెండర్ మీద రాసుకున్నట్టు.

బుజ్జోడికి ఎక్స్‌రే తీశారు. ఎముకలు కొంచెం పలచబడ్డాయి, విరగలేదు. కడుపులో గుడ్లు లేవు. ఇది ఎందుకు చూశారంటే, ఆడదైతే మగతోడు లేకపోయినా కోడిపెట్టలాగే గుడ్లు పెడుతుంది, ఆ రోజుల్లో తిండి మానేస్తుంది. గుడ్లు లోపలే ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. మగదని అమ్మినంత మాత్రాన మగదే అనుకోకూడదట. ఇక్కడ ఆవిడ ఒక వింత సంగతి చెప్పింది. 2007లో కాన్‌బెర్రా విశ్వవిద్యాలయ పరిశోధకులు కనిపెట్టారట, గుడ్లని 32 డిగ్రీలు దాటిన వేడిలో పొదిగితే మగ క్రోమోజోములున్న పిల్లలు ఆడవిగా పుడతాయని. 2015లో అడవిలో కూడా అలాంటివి ఉన్నాయని తేల్చారు. తినాలా వద్దా అనే దగ్గర్నుంచి ఆడా మగా అనే దాకా దీని బతుకంతా వేడి చేతిలో ఉందని ఆ రోజు నాకు అర్థమైంది.

పేడ పరీక్షలో కొద్దిగా నులిపురుగులు కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్నవాటిలోనూ కొన్ని ఉంటాయట, ఒళ్ళు నీరసపడితే పెరుగుతాయట. బరువు చూసి, లెక్కగట్టి మందు ఇచ్చింది. చర్మం కింద సెలైన్ ఎక్కించింది. ముందు వేడి సరిచెయ్యండి, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే తిండి, వరస తప్పద్దు అంది.

దుంగ మళ్ళీ పెట్టాం. కొత్త ట్యూబ్ బిగించాం. గన్‌తో రోజుకి మూడుసార్లు కొట్టి రాశాను. దుంగ మీద 41, అవతలి మూలన 25, రాత్రి లైట్లు ఆర్పాక 19. రెండు మూలల్లో రెండు రకాల వేడి ఉండాలి, ఎక్కడ కూర్చోవాలో దానికి తెలుసు. గోరువెచ్చటి నీళ్ళు పళ్ళెంలో వాడి మోచేతులు మునిగేంత పోసి పది నిమిషాలు నిలబెట్టేవాళ్ళం. ఒక్కొక్క చుక్క ముక్కు మీద వేస్తే నాలుకతో అందుకునేవాడు. మూడో రోజుకి దుంగ ఎక్కాడు. ఐదో రోజుకి రంగు విరిగింది. ఏడో రోజు విసర్జించాడు, అందులో తెల్లగా ఉండాల్సిన భాగం తెల్లగానే ఉంది. అంతకుముందు అది పసుపుపచ్చగా గట్టిగా వచ్చేది, ఒంట్లో నీళ్ళు లేవనడానికి గుర్తు. తిండి మాత్రం ముట్టలేదు.

పదకొండో రోజు ఆదివారం. వెనక ఎండ తగిలే గోడ వారగా మా ఆవిడ పెంచుతున్న మందార మొక్క ఉంది. చలిలో ఎప్పుడో ఒక పువ్వు పూస్తుంది. పూజకి కోసుకొచ్చిన ఎర్ర మందారం పట్టుకుని ఊరికే వాడి ముందు నిలబడింది. బుజ్జోడు తల పక్కకి వంచాడు. ఒక కంటితో పువ్వుని చూశాడు, తల తిప్పి ఇంకో కంటితో చూశాడు. రెండడుగులు ముందుకి వేసి రేక పట్టి లాగాడు. నమిలే చప్పుడు నాకు వినిపించింది. పచ్చి మిరపకాయ కొరికినట్టు చిన్న చప్పుడు. మా ఆవిడ పువ్వంతా అక్కడే వదిలేసి, దేవుడికి అగరొత్తి మాత్రం వెలిగించింది. మా మనవడు ఆ పువ్వు కాడ ఇప్పటికీ పుస్తకంలో దాచుకున్నాడు.

ఇక హైదరాబాద్ సంగతి. మా అన్నయ్య మనవడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మంచి పిల్లవాడు, జంతువులంటే ప్రాణం. నాలుగు నెలల పిల్లని కొన్నాడు. చేపల తొట్టెలాంటి అద్దాల పెట్టెలో పెట్టి కిటికీ దగ్గర ఉంచాడు, ఎండ వస్తుంది కదా అని. ఎండ వస్తుంది, నిజమే. కానీ అద్దం యూవీబీని దాదాపు అంతా ఆపేస్తుంది. మూసిన కిటికీ లోపల ఎంత వెలుగున్నా దాని ఎముకలకి లాభం లేదు. పైన మామూలు పసుపు బల్బు. విదేశీ జంతువు కదా, వేడికి తట్టుకోలేదని గదిలో ఏసీ వేసేవాడు. తిండి పాలకూర, పెట్టెలో అమ్మే పురుగులు. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయని వాడికి ఎవరూ చెప్పలేదు. డిసెంబర్‌లో తినడం తగ్గించింది. కొన్న చోట అడిగితే, చలికాలం నిద్ర, మామూలే అన్నారట.

ఏడాది కూడా నిండని పిల్లకి చలికాలం నిద్ర అని చెప్పి ఊరుకోకూడదు. పిల్లలు రోజూ తినాలి, పెరగాలి. రెండు రోజులు వరసగా తినలేదంటే లేచి వెతకాల్సిందే. జనవరిలో వాడు వీడియో కాల్ చేసి చూపించినప్పుడు దాని వెనక కాళ్ళు అదురుతున్నాయి. దవడ వేలితో నొక్కితే రబ్బరులా వంగుతోందన్నాడు. వెంటనే ఏసీ తీసేయమన్నాను, బల్బు గురించి చెప్పాను, పక్షుల్నీ సరీసృపాల్నీ చూసే డాక్టర్ ఎక్కడున్నారో వెతకమన్నాను. వాడు ఆ రోజే తిరిగాడు. ఆటోలో డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. మూడో చోట చూసేవాళ్ళు దొరికారు, ఇంజెక్షన్ చేశారు. నాలుగో రోజు తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. "తాతా, నేనే చంపేశాను" అని ఏడ్చాడు. కాదు నాన్నా, నీకు చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు అన్నాను. అదే మాట ఈ ఉత్తరంలో కూడా చెప్తున్నాను.

మన దగ్గర పెంచేవాళ్ళకి ఒక అదృష్టం ఉంది. మనకి ఏడాదిలో ఎక్కువ రోజులు నిజమైన ఎండ ఉంటుంది. పొద్దున ఎనిమిది, తొమ్మిది ప్రాంతంలో ఇరవై నిమిషాలు డాబా మీద కూర్చోబెడితే చాలా మేలు. కానీ అద్దాల పెట్టెతో ఎండలో పెట్టకూడదు, కొద్దిసేపట్లోనే లోపల పొయ్యి అయిపోతుంది, జంతువు చచ్చిపోతుంది. ఇనుప జాలీ బుట్ట కింద పెట్టి, సగం మీద తడిబట్ట కప్పి నీడ ఉంచాలి. మనిషి పక్కనే ఉండాలి, పిల్లులూ గద్దలూ ఊరుకోవు. పైనుంచి చెయ్యి వేసి పట్టుకోకండి. దాని తల మీద వెలుగునీ నీడనీ పసిగట్టే చిన్న చుక్కలాంటి మూడో కన్ను ఉంటుంది, పైనుంచి నీడ పడితే గద్ద అనుకుని హడలిపోతుంది. పక్క నుంచి, కడుపు కింద చెయ్యి పెట్టి ఎత్తండి.

తిండికి కూడా మన దగ్గర లోటు లేదు. మునగాకు, ఆవాకు, గుమ్మడికాయ తురుము, మందార పూలు. పిల్లలకి పురుగులే ఎక్కువ కావాలి, పెద్దయ్యాక ఆకులే ఎక్కువ. ఇలకోళ్ళు, పట్టుపురుగులు మంచివి, కాల్షియం పొడి అద్ది పెట్టాలి. పురుగు దాని రెండు కళ్ళ మధ్య దూరం కన్నా పెద్దది కాకూడదు. పొలం నుంచి పట్టుకొచ్చిన పురుగులు వద్దు, వాటి మీద ఏ మందు కొట్టారో మనకి తెలియదు. అన్నిటికన్నా ముఖ్యం, మిణుగురు పురుగు ఒక్కటి తిన్నా ఇది చనిపోవచ్చు. ఊళ్ళకి తీసుకెళ్ళినప్పుడు పిల్లలు సరదాగా పట్టి వెయ్యకుండా చూడండి. దాన్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, దాని ఒంటి మీద సాల్మొనెల్లా ఉండొచ్చు. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

టెంపరేచర్ గన్ గురించి ఒక మాట. కొవిడ్ రోజుల్లో కొని బీరువాలో పడేసిన నుదుటి గన్‌లు చాలావరకు దీనికి పనికిరావు. అవి మనిషి ఒంటి వేడి చుట్టుపక్కల అంకెలే చూపిస్తాయి. వర్క్‌షాపుల్లో వాడేది కొనండి, ఎలక్ట్రికల్ సామాన్ల షాపుల్లో అడగండి. ఆ గన్, వంటింటి త్రాసు, ఒక నోటు పుస్తకం ఉంటే మీ జంతువు నిద్రపోతోందో జబ్బుపడిందో చాలావరకు మీకే తెలిసిపోతుంది. లైట్లు సరిగ్గా ఉండి, వేడి సరిగ్గా ఉండి, అయినా బరువు తగ్గుతుంటే, నోట్లో జిగురు కనిపిస్తే, ఊపిరి తీస్తుంటే చప్పుడొస్తే, కాళ్ళు ఈడుస్తుంటే ఒక్కరోజు కూడా ఆగకండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు తాజా విసర్జన చిన్న డబ్బాలో పట్టుకెళ్ళండి. తూకాల పుస్తకం చూపించండి. మా డాక్టరమ్మ ఆ పుస్తకం చూశాకే ఇది చలికాలం మత్తు కాదని తేల్చింది.

అమ్మేవాళ్ళని నేను అడిగేది ఒక్కటే. జంతువుతో పాటు ఒక కాగితం ఇవ్వండి, తెలుగులో. కూర్చునే చోట 40 డిగ్రీలు, యూవీబీ ట్యూబ్ తప్పనిసరి, ఫలానా నెలలో మార్చాలి, ఏడాది లోపు పిల్ల తినకపోతే నిద్ర కాదు. నాలుగు లైన్లు చాలు. ట్యూబ్ కొనలేనివాళ్ళకి జంతువుని అమ్మకండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలో పెద్ద పశువైద్య కళాశాలలున్నాయి. అక్కడి అధ్యాపకులు, విద్యార్థులు ఇలాంటి జంతువుల గురించి తెలుగులో ఒక చిన్న పుస్తకం తెస్తే, ఏ ఊళ్ళో ఏ డాక్టర్ వీటిని చూస్తారో అందులో వేస్తే, మా వాడిలా ఇంకొకడు ఆటోలో తిరగాల్సిన పని ఉండదు. మీ ఆదివారం అనుబంధంలో ఒక్క పేజీ ఇస్తే నేను రాసిపెట్టిన తూకాలు, వేడి లెక్కలు అన్నీ పంపిస్తాను.

మా అన్నయ్య మనవడు ఆ అద్దాల పెట్టె ఎవరికీ ఇవ్వలేదు. కడిగి అటక మీద పెట్టాడట. ఇంకోటి కొంటావా అని నేను అడగలేదు. నిన్న వాడే ఫోన్ చేసి, ట్యూబ్ ఎంతెత్తులో కట్టాలి తాతా అని అడిగాడు. మా దాని కొలతలు పంపాను.

ఇవాళ పొద్దున బుజ్జోడి తూకం 431 గ్రాములు.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, కాజీపేట
(ప్రస్తుతం సిడ్నీ నుంచి)